ఆనకట్ట గేజియు శివారు చేనును

నరముల వ్యాధులను గూర్చి పరిశోధన చేయు వైద్యుడొకడు ఎట్టివాడో తెలిసికొనగోరి నేడెవరినైన నడిగి చూడుడు. ఆయన యే వ్యాధికి కారణము కనుగొనెనో, ఏ చికిత్స నిజమైనదని, ఏది బూటకమని తేల్చెనో చెప్పువారు అరుదు. మూడంకెలు మాత్రము వెంటనే వినవచ్చును. ప్రకటించిన వ్యాసములిన్ని, వానిని ఇతరులు తమ వ్యాసములలో పేర్కొన్న పర్యాయములిన్ని, హెచ్-ఇండెక్సు ఇంత. ఈ మూడంకెలనుబట్టియే ఉద్యోగము, పదోన్నతి, ధనసహాయము, సభలో అగ్రాసనము నిర్ణయమగుచున్నవి. రోగి బంధువు సైతము సెల్‌ఫోనులో ఆ యంకెలు చూచి, పెద్ద యంకె గలవాడే పెద్ద వైద్యుడని యెంచుకొనుచున్నాడు.

బెజవాడవారికి అంకెల మోజు క్రొత్తది కాదు. మన వీధిగోడల మీదను, బస్సుల వెనుకను, పత్రికల మొదటి పుటలలోను పిల్లల ర్యాంకులు బొమ్మలతో సహా దర్శనమిచ్చుచుండును. ఏమి నేర్చితివని పిల్లవానిని అడుగువారు లేరు. ఎంత వచ్చినదని యడుగువారు వీధికి పదిమంది. ఆ పిల్లలలో కొందరు వైద్యులైరి, ఆచార్యులైరి. ఇంటిలోను, బడిలోను తమకు మప్పిన నమ్మకమునే వారు వైద్యకళాశాలకును గొనిపోయిరి. కావున ఈ విషయము పరిశోధకుల సొంత గొడవయని గృహస్థులు ఊరకుండుట తగదు. వ్యాధి మన యిండ్లలో పుట్టినది. దాని ఫలమును అనుభవించువారును మన యిండ్లలోని నరముల రోగులే.

ఈ లెక్కను సమూలముగా పారవేయుమని నేననను. అది దేనిని కొలుచుచున్నదో, దేనిని కొలువజాలదో తెలిసికొని, దానికి తగిన చోట దాని నుంచుమని మాత్రమే నా వాదము.

ముందుగా ఈ కొలత యెట్లు పుట్టినదో చూతము. 1955లో యూజీన్ గార్ఫీల్డు అను అమెరికా దేశీయుడు, ఏ వ్యాసమును తరువాతి వా రెవరెవరు పేర్కొనిరో తెలుపు సూచిక యొకటి యుండినచో విద్వాంసులకు ఉపకరించునని సూచించెను. 1964 నుండి అట్టి సూచిక గ్రంథరూపమున వెలువడెను. ఒక విషయమును గూర్చి వెదకువానికి దారిచూపుటకై పుట్టిన పనిముట్టు అది. గ్రంథాలయములో పుస్తకముల పట్టిక వంటిది. పిమ్మట పత్రికలను తూచుటకు ఇంపాక్ట్ ఫ్యాక్టరు వచ్చెను. ఒక పత్రిక గడచిన రెండేండ్లలో ప్రకటించిన వ్యాసములకు ఈ యేట సగటున ఎన్ని ప్రస్తావనలు వచ్చినవను లెక్కయే అది. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్సును కల్పించెను. ఒకని వ్యాసములలో ఇరువది వ్యాసములు ఒక్కొక్కటి ఇరువది సారులకు తక్కువ కాకుండ పేర్కొనబడి, ఇరువదియొక్కటికి అట్టి లెక్క కుదరనిచో, వాని హెచ్-ఇండెక్సు ఇరువది. పట్టికకై పుట్టినది ఇట్లు త్రాసైనది. త్రాసు నేడు న్యాయాధిపతియై కూర్చున్నది.

కృష్ణకు ఆనకట్ట కట్టి ముగించినది 1855లో. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది 1957లో. ఇన్ని యేండ్లుగా డెల్టా రైతు ఒక సంగతి మరువలేదు. కాలువ తలవద్దనున్న గేజి ఎంత నీరు వదలిరో చెప్పును. ఆ నీరు నాగాయలంక దాపున శివారు చేనికి చేరినదో లేదో చెప్పదు. గేజి అబద్ధమాడదు, అడుగని ప్రశ్నకు జవాబు చెప్పదు, అంతే. గేజి నిండుగా నున్నది గనుక నీ చేను తడిసినదని శివారు రైతుతో వాదించు ఇంజనీరు నేమందుము? సైటేషన్ల మొత్తమును చూపి నరముల వైద్యము వర్ధిల్లినదని చాటువారును అట్టివారే.

దీనికి తార్కాణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర యొకటి చాలును. ఆయన మదరాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి పనిచేసిరి. రక్తములోను మూత్రములోను భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ఆ వ్యాసమును లోకమంతట పరిశోధకులు వేలకొలది పర్యాయములు పేర్కొనిరి. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియేటినును, 1929లో ప్రాణికోటికి శక్తినిచ్చు ఏ.టీ.పీ. అను పదార్థమును వెల్లడించిరి. ఏ.టీ.పీ.ని అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రవేత్తయు వేరుగా కనుగొనెను.

ఈ రెండింటిని సరిపోల్చి చూడుడు. భాస్వరమును కొలుచు పద్ధతి ఉపయోగకరమైన పనిముట్టు. దానిని వాడిన ప్రతివాడును పేర్కొనవలసినదే గనుక ప్రస్తావనలు గుట్టలు పడినవి. ఏ.టీ.పీ. జీవశాస్త్రమునకే పునాదిరాయి. నేడు మెదడు పనిని గూర్చి వ్రాయువా రెవరును దానిని పేర్కొనకుండ ఒక పుట దాటలేరు. కాని 1929 నాటి వ్యాసమును ఉదాహరించువా రెందరు? పునాదిలో కలిసిపోయిన రాతికి పేరు వ్రాయరు. ఒక సత్యము అందరి సొత్తైనప్పుడు దాని కర్త లెక్కలోనుండి జారిపోవును. పరిపూర్ణ విజయమును సున్నగా చూపు కొలత నేమని నమ్ముదుము?

అంతటితో పోలేదు. ఇంత చేసినను హార్వర్డు ఆయనకు స్థిరమైన యాచార్యపదవి నీయలేదు. ఆయన వేరుపరచిన పదార్థములలో కొన్నిటిని ఫిస్కె వెలుగు చూడనీయలేదనియు, తరువాత ఇతరులు వానిని మరల కనుగొనవలసి వచ్చెననియు, ఆనాడు ఆయనతో పనిచేసి 1988లో నోబెలు బహుమానము పొందిన జార్జి హిచింగ్సు చెప్పియున్నారు. 1940లో సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమున చేరి, అక్కడి పరిశోధకుల నెందరినో నడిపించిరి. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయుట 1945లో అక్కడనే జరిగినది. బోదకాలు పురుగులను చంపు హెట్రజాన్ 1947లో అక్కడనుండి వచ్చినది. 1948లో ఆరియోమైసిన్ మందు డగ్గర్ పేర ప్రకటితమైనది. ఆ యేటనే సుబ్బారావుగారు గతించిరి. నాయకుడై పని జరిపించిన వాని పేరు ఎన్నో వ్యాసములపై కానరాదు. నేటి పదోన్నతి సంఘము ముందుకు ఆయన వచ్చియుండినచో, మొదటి పేరు మీదేనాయని యడిగి, కాగితములు తిరుగగొట్టి పంపియుందురు. కృష్ణాగోదావరుల మధ్య మురుగుకాలువల యొడ్డున బోదకాలు రాకుండ నడచుచున్న మనుజులు ఆయన సైటేషన్లు. వానిని లెక్కించు సూచిక యింకను పుట్టలేదు.

లెక్కలో రెండవ లోపము మరింత ఘోరమైనది. అది సత్యమును అసత్యమును ఒకే తూనికరాతితో తూచును. మతిమరపు వ్యాధియైన ఆల్జీమర్సును గూర్చి 2006లో నేచర్ పత్రికలో ఒక వ్యాసము వెలువడెను. మెదడులోని ఒక విధమైన మాంసకృత్తు జ్ఞాపకశక్తిని చెరచునని అందు చెప్పబడెను. ఇంచుమించు 2,500 వ్యాసములలో అది పేర్కొనబడెను. చిత్రములు మార్చబడినవను అనుమానము 2022లో బహిరంగమాయెను. 2024లో ఆ వ్యాసమును ఉపసంహరించిరి. పదునెనిమిది యేండ్లు ఆ ప్రస్తావనలన్నియు ఎవరి ఖాతాలోనో కీర్తిగా జమయగుచునే యుండెను. వృద్ధుల మతిమరపునకు మందు దొరకునని యెదురుచూచిన కుటుంబముల ఖాతాలో జమయైనదేమి? పేర్కొనుట మెప్పు కావచ్చును, ఖండన కావచ్చును, గ్రుడ్డినమ్మకము కావచ్చును. లెక్కించు యంత్రమునకు ఈ భేదము తెలియదు.

గుంపులో గోవిందయను వ్యవహారము వేరొకటి. లోకమందలి రోగములన్నిటి భారమును లెక్కించు అంతర్జాతీయ నివేదికలలో వందలకొలది రచయితల పేర్లుండును. ఆ నివేదికలు ప్రతివాడును పేర్కొనదగినవి గనుక వేలకొలది ప్రస్తావనలు వచ్చును. అవి యన్నియు అందలి ప్రతి రచయిత ఖాతాలోను పూర్తిగా పడును. ఒక్కడై పదేండ్లు పల్లెలు తిరిగి వ్రాసినవాని కంటె, నూరవ పేరుగా చేరినవాడు ఘనుడై కనబడును. ఆ నివేదికలు పనికిరానివని నేను చెప్పుట లేదు. పనికివచ్చు సమష్టికృషిని వ్యక్తి గొప్పతనముగా పంచిపెట్టుట తప్పని చెప్పుచున్నాను.

అన్నిటికంటె పెద్ద అన్యాయము మన ప్రాంతపు రోగములకు జరుగుచున్నది. ఒక వ్యాసమునకు వచ్చు ప్రస్తావనలు ఆ రోగముతో బాధపడువారి సంఖ్యనుబట్టి రావు. ఆ రోగమును గూర్చి వ్రాయువారి సంఖ్యనుబట్టి వచ్చును. ధనిక దేశముల రోగములకు వ్రాయువారు మెండు. పేదవాని రోగమునకు రోగులు మెండు, వ్రాయువారు కొద్ది. త్రాగునీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు గట్టిపడి, వెన్నెముక వంగనేరక, వెన్నుపాము నొక్కబడి కాళ్లు చచ్చుపడు వ్యాధిని షార్టు అను వైద్యుడు తన సహచరులతో కూడ నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో చూచి 1937లో ప్రకటించెను. తరువాత హైదరాబాదులో మెదడు, వెన్నుపాము శస్త్రచికిత్సకులైన డి. రాజారెడ్డిగారు దశాబ్దములపాటు ఈ వ్యాధివలని నరముల చేటును గూర్చి వ్రాసిరి. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే వచ్చినది. ఈ వ్యాసములను లండనులోని వైద్యుడు పేర్కొనవలసిన యవసర మేమున్నది? అక్కడ ఆ రోగి లేడు. ఇంపాక్ట్ ఫ్యాక్టరు చూచునది రెండేండ్లు. నీళ్లు మార్చినందువలని ఫలము ఒక తరము గడచినగాని కనబడదు. నడుము వంగని తాతకు నడుము వంగు మనుమడు పుట్టి పెరిగినప్పుడు గదా ఆ వ్యాసము ఫలించినట్లు!

పాముకాటును చూడుడు. కట్లపాము రాత్రివేళ నేలపై పరుండినవానిని కరచును. నొప్పి యంతగా ఉండదు. తెల్లవారునప్పటికి కనురెప్పలు వాలి, మ్రింగుడుపడక, ఊపిరి కండరములు చచ్చుపడును. ఇది నరములకు సంబంధించిన మృత్యువు. మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటున మరణించినవారు సుమారు 12 లక్షలని, ఏటా సగటున 58,000 మందియని 2020లో ప్రకటితమైన పరిశోధన యంచనా వేసినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని నిర్లక్ష్యమునకు గురియైన రోగముల పట్టికలో చేర్చినది 2017లో. ఆ మరుసటి యేట దివిసీమలో పాముకాట్లు పెచ్చుపెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగము తలపెట్టిరి. శాస్త్రము శివారునకు చేరనిచోట యాగము చేరుటలో వింత యేమున్నది?

2020 డిసెంబరులో ఏలూరున జరిగినది మన మింకను మరువలేదు. ఉన్నట్టుండి జనులు వీధులలో మూర్ఛపోయి, నురగలు గ్రక్కి పడిపోయిరి. కొలది దినములలో ఆరువందలకు పైగా ఆసుపత్రి చేరిరి, ఒకరు మరణించిరి, కొందరిని బెజవాడకు, గుంటూరునకు తరలించిరి. రక్తమున సీసము, నికెలు కానవచ్చినవని ఢిల్లీ నిపుణులు చెప్పిరి. క్రిమిసంహారక మందుల శేషములే ముఖ్యకారణమై యుండునని తరువాత ప్రభుత్వమునకు నివేదించిరి. ఆ ఆరువందల మందిని పదేండ్లు వెంబడించి, వారిలో ఎందరికి మూర్ఛ మరల వచ్చెనో, పిల్లల చదువు ఎట్లున్నదో, ఇంటి నీటిలో ఏమున్నదో వ్రాసి యుంచుట యెంత విలువైన పని! ఆ పనికి పూనుకొను యువవైద్యునికి పదేండ్లలో వచ్చునవి ఒకటి రెండు వ్యాసములు. అదే కాలమున ఆసుపత్రి గదిని విడువక, వింత రోగికి ఒక పుట చొప్పున వ్రాయుచు, మిత్రుల వ్యాసములలో పేరు చేర్చించుకొనుచు నుండువానికి ఏబది వచ్చును. మొదటివానిని మందలించి రెండవవానికి కుర్చీ వేయు ఏర్పాటు మనది. మొదటివాడు మూర్ఖుడు కాడు గనుక, అతడును త్వరలోనే రెండవవాడగును. డెల్టాలోని నరముల రోగి మాత్రము ఉన్నచోటనే యుండును.

ఈ లెక్కకు చట్టబలమును కలిగినది. వైద్యకళాశాలలలో పదోన్నతికి ఏయే సూచికలలో చేరిన పత్రికలలోని వ్యాసములు చెల్లునో, రచయితల వరుసలో ఎన్నవవానికి గుర్తింపు దక్కునో తెలుపుచు నాటి భారత వైద్యమండలి 2015లో ఉత్తరు వొకటి వెలువరించెను. 2020లో ఆ మండలి పోయి జాతీయ వైద్య కమిషను వచ్చినది; 2022 నాటి నియమములలోను వ్యాసముల షరతు నిలిచియే యుండెను. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని వైద్యుని దినము ఎట్టిదో తలపోయుడు. ఉదయమునుండి వందలమంది రోగులు; మధ్యాహ్నము విద్యార్థులు; రాత్రి అత్యవసర విధులు. పరిశోధనకు గంట లేదు, గుమాస్తా లేడు, ధనము లేదు. వ్యాసము మాత్రము కావలెను. కొనుగోలుదారు ఇట్లు తయారైన వెంటనే అంగడియు తెరచిరి. రుసుము పుచ్చుకొని, పరిశీలన నామమాత్రముగ జరిపి, దేనినైనను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె లేచినవి. హైదరాబాదు కేంద్రముగా నడచిన ఓమిక్స్ సంస్థపై అమెరికా వాణిజ్య కమిషను 2016లో దావా వేసినది. విద్వత్పరిశీలన విషయమై అబద్ధములు చెప్పిరనియు, రుసుములు దాచిరనియు, ఒప్పుకొనని పండితులను సంపాదకులుగా ప్రకటించిరనియు అందలి యారోపణలు. 2019లో అక్కడి న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పు చెప్పినది. తెలుగునేలపై పుట్టిన ఈ వ్యాపారమును తలచి తెలుగువాడు సిగ్గుపడవలసినదే. అంగడివానిని మాత్రమే నిందించి కొన్నవానిని, కొనుమని నియమము పెట్టినవానిని విడుచుట న్యాయము కాదు.

ఇక ప్రతిపక్షుల మాట విందము. వారి వాదమునందు బలము లేకపోలేదు. "లెక్క లేనినాడు మన వైద్యకళాశాలలు చేసిన ఘనకార్య మేమి?" అని వారడుగుదురు. 2005 మొదలు 2014 వరకు 579 భారత వైద్యసంస్థలను పరిశీలించిన వారు, అందు 332 సంస్థలనుండి ఒక్క వ్యాసమైనను వెలువడలేదని 2016లో ప్రకటించిరి. ఇది తలవంపులు తెచ్చు సంగతి. "అంకె పోయినచో దాని స్థానమున ఏమి వచ్చును? కులము వచ్చును, సిఫారసు వచ్చును, ప్రొఫెసరుగారి యల్లుడు వచ్చును. ఊరు పేరు లేని యింట పుట్టినవానికి అంకె యొక్కటియే కవచము" అనియు వారందురు. ఈ రెండవ మాట నా మనసునకును తగిలినది. పక్షపాతమును ఎరిగిన దేశమున అంకెను కోరుట సహజము.

అయినను విచారింపుడు. ఆ 332 సంస్థలలో నేడు బలవంతముగా నాలుగేసి వ్యాసములు పుట్టినంతమాత్రమున అక్కడ పరిశోధన పుట్టినట్లా? ఎండిన చెరువుగట్టున గేజి పాతినచో నీరూరునా? వారికి కావలసినది సమయము, గణాంకములు తెలిసిన సహాయకుడు, రోగుల వివరములు భద్రపరచు ఏర్పాటు. ఇవి యీయక అంకె యడుగుట, విత్తనము లీయక శిస్తు వసూలుచేయుట. కవచము మాట: అంకెలను సంపాదించు దారులు ఎవరి చేతిలో నున్నవి? విభాగాధిపతి తన క్రిందివారి వ్యాసములన్నిటిపై తన పేరు వేయించుకొనగలడు; ధనము గలవాడు రుసుము చెల్లించి అచ్చువేయించుకొనగలడు; మిత్రబృందము గలవాడు పరస్పర ప్రస్తావనలతో పెరుగగలడు. పేదయింటి యువకునికి ఈ మూడును లేవు. సిఫారసు చావలేదు, అంకెల వేషము వేసికొని వచ్చినది. వెనుకటి పక్షపాతమును వ్రేలు పెట్టి చూపవచ్చును. ఈ పక్షపాతము గణితశాస్త్రమను ముసుగులో నుండుటచే వ్రేలు పెట్టువాడును లేడు.

అట్లైన చేయవలసిన దేమి? చదువవలెను. ఇది మిక్కిలి చిన్నమాట. కాని ఈ వ్యవహార మంతటిలో ఎవరును చేయని పని యిదియే. అభ్యర్థి తన కృషిలో మేలైనవని తోచిన అయిదు పనులను మాత్రమే సమర్పింపవలెను. ఒక్కొక్కదాని క్రింద, ఏమి కనుగొంటిని, అందు నా వంతు ఎంత, దానివలన ఏ రోగి చికిత్స ఎట్లు మారినది అని అరపుట వ్రాయవలెను. పరరాష్ట్రపు పండితులు మువ్వురు వానిని చదివి, తమ యభిప్రాయమును కారణములతో వ్రాసి సంతకము చేయవలెను. ఆ వ్రాతను అభ్యర్థికి చూపవలెను. సంతకము గల కారణము వెనుక సిఫారసు దాగుట కష్టము. అంకెలను కూడ చూడవచ్చును. సందేహము కలిగినచోట పరీక్షించుటకు అవి పనికివచ్చును. ఇది నా కల్పన కాదు. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూడిన శాస్త్రజ్ఞులును, 2015లో లైడెన్ ప్రకటనకర్తలును, పత్రిక పేరునుబట్టి కాక పని గుణమునుబట్టి నిర్ణయింపుడని లోకమునకు విన్నవించియున్నారు. బెజవాడలో 1986 నుండి ఆరోగ్యవిశ్వవిద్యాలయ మున్నది. మంగళగిరిలో అఖిలభారత వైద్యసంస్థ యున్నది. గుంటూరులో 1946 నాటి వైద్యకళాశాల యున్నది. ముప్పది నలువది కిలోమీటర్లలో ఇన్ని విద్యాపీఠములు గల చోట ఇట్టి పద్ధతికి నాంది పలుకుటకు అడ్డమేమి?

రెండవది, మన రోగులపై జరిపిన ప్రతి పరిశోధనకును ఒక పుట తెలుగు సంగ్రహము వ్రాయవలెను. రక్తమిచ్చినది తెలుగు రోగి. సూది పొడుపు ఓర్చినది తెలుగు తల్లి. ఫలితము మాత్రము వారికి తెలియని భాషలో, వారు కొనలేని పత్రికలో దాగుట యే ధర్మము? ఆ పుటను ఆసుపత్రి బయటిరోగుల వరండాలో అంటింపుడు. వ్యాసమునకు మార్కు వేయు సంఘము ఆ పుటకును మార్కు వేయుగాక.

దీని యవసర మెంతటిదో ఒక యుదాహరణము చెప్పుదును. ఫోలిక్ ఆమ్లము తీసికొనిన తల్లులకు, వెన్ను మూసికొనని శిశువు మరల పుట్టు ప్రమాదము నూటికి 72 పాళ్లు తగ్గునని 1991లో బ్రిటిషు వైద్యపరిశోధన మండలి నిరూపించినది. నరముల వైద్యములో ఇంతటి లాభకరమైన ఫలితము లరుదు. దానిని పేర్కొనిన వ్యాసములు వేలున్నవి. శిశువు వెన్ను మూసికొనునది గర్భము నిలిచిన యిరువదియెనిమిది దినములలో. అనగా పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియకమునుపే. కావున మాత్ర ముందునుండియే వేసికొనవలెను. ఈ సంగతి కొత్తగా పెండ్లియైన మన ఆడపిల్లలలో ఎందరికి తెలియును? మూడవ నెలలో ఆసుపత్రికి పోయి మాత్రలు తెచ్చుకొనుటయే మనలో వాడుక. భీమవరపు తెలుగువాడు నడిపిన పరిశోధనాలయమునుండి వచ్చిన మందు, లోకమంతయు పేర్కొనిన ఫలితము, భీమవరపు కోడలికి నెల తప్పకముందు చేరకున్నది. కాలువ తల నిండియున్నది. శివారు బీటలు వారినది.

మూర్ఛరోగమును గూర్చియు ఇదే కథ. సరిగా మందు వాడినచో నూటికి డెబ్బదిమంది వరకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మనమో, పడిపోయినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుచున్నాము. హిందూ వివాహచట్టములో మూర్ఛరోగమును వివాహమునకు అడ్డుగా పేర్కొనిన మాటను 1999లోనే తొలగించిరి. మన మనస్సులలోనుండి తొలగింపలేదు. ఆడపిల్లకు మందు మాన్పించి పెండ్లి చేయుచున్నాము. పక్షవాతము వచ్చినవానికి రక్తపుగడ్డ కరగించు మందు నాలుగున్నర గంటలలోపల ఈయవలెనని 2008 నాటికే పరిశోధనలు చెప్పినవి. ఆ గంటలను మనము పావురపు రక్తము పూయుటలో గడపుచున్నాము. ఈ మూడు విషయములపై ప్రస్తావనల సంఖ్య ఆకాశమంటినది. ఒక ప్రస్తావనయైనను మన గడప దాటి లోనికి రాలేదు.

కనుక గృహస్థులకును గృహిణులకును నా మనవి యిది. నరముల వైద్యపండితుని యెదుట కూర్చున్నప్పుడు ఆయన వ్యాసము లెన్నియని యడుగకుడు. మా వంటివారిని గూర్చి మీరు కనుగొనినదేమి? అది నిజమని యెట్లు తెలిసినది? మా యింట రేపటినుండి ఏమి మార్చుకొనవలెను? ఈ మూడు ప్రశ్నలు వేయుడు. నిజముగా పనిచేసిన పండితుడు సంతోషించి చెప్పును. చెప్పలేనివాని హెచ్-ఇండెక్సు ఎంతయైనను మనకు ఉపయోగము లేదు. మీ బిడ్డ పరీక్షనుండి ఇంటికి వచ్చినప్పుడును, ఎంత వచ్చినదని యడుగుటకు ముందు, ఏమి తెలిసినదని యడుగుడు. పదోన్నతి సంఘముల చేత వ్యాసములు చదివించుట మన చేతిలో లేకపోవచ్చును. చదివితిరాయని వారిని అడుగుట మన చేతిలోనే యున్నది.